వినబడని దానిపై హక్కు ఎవరిది?

ఒక కళాఖండంలో శ్రోత చెవికి అందని భాగం ఉన్నదనుకుందాం. దానిని తీసివేస్తే కళాఖండానికి నష్టం కలిగినట్లా, కలగనట్లా? పైకి చూస్తే ఇది తర్కశాస్త్ర విద్యార్థుల కాలక్షేపంగా కనిపిస్తుంది. కాని గత ముప్పయి యేళ్లుగా ప్రపంచంలోని సంగీతంలో చాలా భాగం ఈ ప్రశ్నకు ఒకానొక సమాధానాన్ని ఆధారం చేసుకొనే ప్రయాణం చేసింది. ఆ సమాధానం ఇచ్చినవారు తాత్వికులు కారు, ఇంజనీర్లు. అమలుపరచినది సంగీత వ్యాపారం. ఫలితం అనుభవించినవాళ్లం మనమందరం. అంచేత దీనిని యంత్రశాస్త్రానికి అప్పగించి మనం చేతులు కడుక్కోవటానికి వీలులేదు. ‘లాస్‌లెస్’ అనే మాట, అంటే ఏ నష్టమూ లేకుండా భద్రపరచిన ధ్వని అనే మాట, నేడు మన యువకుల నోళ్లలో తరచుగా వినబడుతున్నది. ఆ మాట వెనుక ఒక నైతిక సమస్య ఉన్నదని నా అభిప్రాయం.

ఉదాహరణ లేని చర్చ గాలిలో మేడ. నేను రేడియోహెడ్ అనే ఇంగ్లీషు బృందాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని ఆబింగ్డన్‌లో ఒకే పాఠశాలలో చదువుకున్న థామ్ యార్క్, జానీ గ్రీన్‌వుడ్, కోలిన్ గ్రీన్‌వుడ్, ఎడ్ ఓబ్రయన్, ఫిలిప్ సెల్వే అనే అయిదుగురి బృందమిది. 1991లో ఇ.ఎం.ఐ. కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. 1993లో ‘పాబ్లో హనీ’ మొదలు 2016లో ‘ఎ మూన్ షేప్డ్ పూల్’ వరకు తొమ్మిది స్టూడియో ఆల్బములు వెలువరించారు. ఆల్టర్నేటివ్ రాక్ అని పేరుబడ్డ సంగీతంలో వీరి స్థానం ఎంతటిదో నిర్ణయించటం ఈ వ్యాసం పని కాదు. ఆ ఇరవైమూడేళ్లలోనే సంగీతం డిస్కు నుండి కంప్యూటరుకూ, కంప్యూటరు నుండి టెలిఫోనుకూ మారింది. ప్రతి మార్పు దగ్గరా ఈ బృందం సంపూర్ణమైన ధ్వనిని గురించి ఏదో ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. ఆ నిర్ణయాలు మనకు పనికివస్తాయి.

ముందుగా వస్తుస్థితి చూద్దాం. కాంపాక్ట్ డిస్కులో ధ్వని అంకెల రూపంలో ఉంటుంది. సెకనుకు 44,100 సార్లు ధ్వని తరంగాన్ని కొలిచి, ఒక్కొక్క కొలతనూ 16 బిట్లతో వ్రాస్తారు. కుడి ఎడమలు రెండూ కలిపితే సెకనుకు 14,11,200 బిట్లు. 1997లో వచ్చిన ‘ఓకే కంప్యూటర్’ నిడివి సుమారు 53 నిమిషాలు. ఈ లెక్కన అది 560 మెగాబైట్ల బరువు. ఆనాటి టెలిఫోను తీగల మీద ఇంత బరువును పంపాలంటే రోజు గడిచిపోయేది. ఈ ఇబ్బంది నుండి ఎం.పి.3 పుట్టింది. జర్మనీలోని ఎర్లాంగెన్ నగరంలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు చెందిన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ మొదలైనవారు 1980ల చివర, 1990ల మొదట దీనిపై పనిచేశారు. వారి సూత్రం సులభమైనది. ఒక గట్టి శబ్దం మ్రోగుతూండగా దాని పక్క స్థాయిలో ఉన్న మెత్తని శబ్దం మన చెవికి అందదు. అందనిదాన్ని పూర్తి కొలతలతో మోయటం దండుగ. అంచేత దానిని మోటుగా కొలవవచ్చు, లేదా వదిలివేయవచ్చు. ఈ పద్ధతిలో సంగీతం పదోవంతు బరువుకు దిగుతుంది.

2001లో జోష్ కోల్సన్ అనే ప్రోగ్రామరు పూర్తిచేసిన ‘ఫ్లాక్’ పద్ధతి వేరు. అదీ బరువు తగ్గిస్తుంది, సాధారణంగా సగానికో, మూడింట రెండు వంతులకో. కాని దేనినీ పోనివ్వదు. గడిచిన కొలతలను బట్టి రాబోయే కొలత ఎంత ఉంటుందో ముందుగా ఊహిస్తుంది. ఊహకూ వాస్తవానికీ మధ్య ఉన్న తేడాను మాత్రం వ్రాసిపెట్టుకుంటుంది. తిరిగి వినిపించేటప్పుడు ఊహకు తేడాను కలిపితే మొదటి ధ్వని ఒక్క బిట్టు కూడా తప్పిపోకుండా వస్తుంది.

ఈ రెండు పద్ధతులూ ఊహ మీద ఆధారపడినవే. ఇది గమనించవలసిన విషయం. ఒకటి సంగీతాన్ని ఊహిస్తుంది, తన ఊహ ఎక్కడ తప్పిందో లెక్క రాసిపెడుతుంది. రెండవది శ్రోతను ఊహిస్తుంది, ‘ఇది నీకు వినబడదులే’ అని నిర్ణయించి, తీసివేసినదానికి లెక్క చూపదు. ఇంజనీరు దృష్టిలో ఇది సామర్థ్యంలో తేడా. నా దృష్టిలో బాధ్యతలో తేడా.

ఇక వాదాలను పరిశీలిద్దాం. మొదటి వాదం ‘వినబడని నష్టం నష్టమే కాదు’ అంటుంది. దీనిని తేలికగా త్రోసిపుచ్చరాదు. సంగీతం పుట్టింది వినటానికి. వినికిడిలో లేని తేడా మరెక్కడ ఉన్నట్టు? తగినంత బిట్ల రేటుతో శ్రద్ధగా చేసిన ఎం.పి.3ను, అసలు డిస్కును, ఏది ఏదో చెప్పకుండా మార్చి మార్చి వినిపిస్తే చాలామంది చాలా పాటల్లో తేడా పట్టలేరు. డిస్కు స్థాయిని మించినదని చెప్పి అమ్మే ‘హై రిజల్యూషన్’ ధ్వని సంగతి మరీ విచిత్రం. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అమెరికాలో 554 సార్లు పరీక్ష పెడితే శ్రోతలు సరిగా చెప్పింది సుమారు సగం సార్లు. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రైస్ ఇటువంటి పరీక్షలను ఎన్నింటినో కలిపి లెక్కించి, కొంత తేడాను మనుషులు వినగలుగుతున్న మాట నిజమేగాని, ఆ తేడా స్వల్పమని తేల్చాడు. ఇంత స్వల్పమైనదాని కోసం వేలకు వేలు పోసి యంత్రాలు కొనేవారిని చూచి మొదటి వాదులు నవ్వితే ఆ నవ్వులో న్యాయం ఉన్నది.

అంతకన్నా బలమైన సంగతి మరొకటి ఉన్నది. ఎం.పి.3 సంగీతాన్ని ప్రజలలోకి తెచ్చింది. 2000 అక్టోబరులో ‘కిడ్ ఏ’ విడుదలైంది. అంతకు కొన్ని వారాల ముందే దాని పాటలు నాప్‌స్టర్ ద్వారా కంప్యూటరు నుండి కంప్యూటరుకు ప్రాకిపోయాయి. బృందం ఆ ఆల్బములోని ఒక్క పాటనూ సింగిల్‌గా విడుదల చేయలేదు. పాటలు ముందే పొక్కిపోతే అమ్మకం దెబ్బతింటుందని అనుకున్నవారు ఉన్నారు. తీరా చూస్తే అది అమెరికాలో అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలోకి వచ్చింది. నా సంగతే చెబుతాను. 2010 ప్రాంతంలో ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టలులో ఒక పెన్‌డ్రైవ్ గది నుండి గదికి తిరుగుతూండేది. రేడియోహెడ్ నాకు దొరికింది అందులోనే. మా ఊరి దుకాణాలలో ఆ డిస్కులు ఎన్నడూ కనబడలేదు; కనబడినా వాటి వెల నా మెస్సు బిల్లుతో పోటీపడి ఉండేది. పదోవంతు బరువున్న పాట అయినందుననే అది నా దాకా రాగలిగింది. ఈ పద్ధతిని సంగీతానికి పట్టిన చీడ అనే పండితులు, అది లేకపోతే ఆ సంగీతం ఎవరికి అందేది, ఎవరికి అందకుండా పోయేది అనే ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఐతే ఈ వాదంలో ఒక మాట చాటున మరొక మాట దాగి ఉన్నది. వినబడదు సరే, ఎవరికి వినబడదు? యంత్రం తన లెక్కలో పెట్టుకున్న చెవి ఒక సగటు చెవి. అటువంటి చెవి ఏ ఒక్క మనిషికీ లేదు. పరిశోధకులకు కూడా ఈ సంగతి ఒక పాట వల్ల అనుభవంలోకి వచ్చింది. సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’లో వాద్యాలు లేవు, ఒక స్త్రీ గొంతు మాత్రమే ఉంటుంది. తొలిరోజుల యంత్రం ఆ గొంతును పాడుచేసింది. బ్రాండెన్‌బర్గ్ ఆ పాటను పదే పదే వింటూ తన పద్ధతిని సరిదిద్దుకున్నాడు. ఈ ఉదంతంలోని పాఠం చిన్నది కాదు. ఘోషలో దోషం దాగుతుంది, ఒంటరి గొంతులో దాగదు. గట్టిగా మ్రోగేవి నాలుగు ఉన్నచోట మెత్తనిదాన్ని తీసివేసినా ఎవరూ అడగరు. అది ఒక్కటే ఉన్నచోట తీసివేత బయటపడుతుంది. దీనిని సమాజానికి అన్వయించి ఉపన్యాసం ఇవ్వవచ్చు. కాని చెవి నిర్మాణం వేరు, సమాజ నిర్మాణం వేరు. పోలిక దొరికింది గదా అని దానిని నిరూపణగా చెలామణీ చేయటం మన విమర్శలో పాత జబ్బు. అంచేత సంగీతం దగ్గరే ఆగుతాను.

‘ఓకే కంప్యూటర్’లో ‘ఎగ్జిట్ మ్యూజిక్’ అనే పాట ఉన్నది. ఆ ఆల్బములో పెద్దభాగాన్ని ఇంగ్లండులో బాత్ నగరం దగ్గరి సెయింట్ కేథరిన్స్ కోర్ట్ అనే పాత భవంతిలో రికార్డు చేశారు. ఈ పాటలో యార్క్ గొంతుకు కావలసిన మ్రోత కోసం అక్కడి రాతి మెట్ల దారిని వాడుకున్నారు. పాట ఒక గొంతు, ఒక గిటారుతో మొదలై, చివరకు బృందమంతా కలిసిన రొదగా మారుతుంది. బిట్ల రేటు బాగా తగ్గించిన ప్రతిలో మొదట దెబ్బతినేవి తాళపు బిళ్లల మిలమిల, మ్రోతల తోక, మాట ఆగిన తరువాత గాలిలో మిగిలే శబ్దం. అంటే ఆ గొంతు వెనుక ఉన్న రాయి. అది లేకపోయినా పాట అర్థమవుతుంది. కాని గాయకుడు మెట్ల మీద నిలబడి పాడింది దాని కోసమే.

కాలం సంగతి కూడా చూడాలి. ఈనాడు ఈ యంత్రం మీద వినబడనిది రేపు మరొక యంత్రం మీద వినబడవచ్చు. ఒక ఎం.పి.3 నుండి మరొక కుదింపు ప్రతి, దాని నుండి ఇంకొకటి తీస్తూపోతే చిన్న నష్టాలు పేరుకొని పెద్దవవుతాయి. రేపు ఎవరో ఆ ధ్వనిని నెమ్మదిగా నడిపి, విడదీసి, పరిశోధించాలనుకోవచ్చు. వారికి కావలసినది మనం అనవసరమని పారవేసినదే కావచ్చు. పారవేసినది తిరిగి రాదు. ‘వినబడదు’ అనే చిన్నమాటలో సగటు మనిషి, నేటి అవసరం అనే రెండు హద్దులు చెప్పకుండా గీయబడి ఉన్నాయి. మొదటి వాదం లోపమంతా అక్కడున్నది.

రెండవ వాదాన్ని నాకు బాగా వినిపించింది మా కళాశాలలో బి.యస్సీ. చదివే ఒక విద్యార్థి. ఖరీదైన హెడ్‌ఫోన్ కొనుక్కోవటానికి వేసవి సెలవులంతా ట్యూషన్లు చెప్పినవాడు. నేను రేడియోహెడ్ వింటానని ఎలా తెలిసిందో, స్టాఫురూముకు వచ్చి అడిగాడు.

“సార్, మీ దగ్గరున్నవి ఫ్లాక్ ప్రతులేనా?”

“కొన్ని. మిగతావి పాతవి, ఎం.పి.3లే.”

“ఐతే సార్, మీరు విన్నది ‘ఓకే కంప్యూటర్’ కాదు. దాని నీడ.”

“నీడను చూచి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారయ్యా” అన్నాను.

అతడు నవ్వలేదు. “క్లాసులో పద్యం చెబుతూ ఒక పాదం వదిలేస్తే మీరు ఊరుకుంటారా సార్?” అన్నాడు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు తరువాత చెబుతాను. ముందు అతని వాదం చూద్దాం. సంపూర్ణమైన ప్రతి తప్ప మిగిలినవన్నీ కళాఖండం కానేకావన్నది ఆ వాదం. ఇందులో కళాకారుని శ్రమపట్ల గౌరవం ఉన్నది. కాని ఇది ‘అసలు’ అనే ఒక పవిత్ర వస్తువు ఎక్కడో స్వచ్ఛంగా ఉన్నదని నమ్ముతున్నది. స్టూడియో ఆల్బములో అటువంటి అసలు ఏది?

కచేరీ రికార్డింగు ఐతే, ఫలానా రోజున ఫలానా చోట జరిగిన గానానికి అది ఎంత నమ్మకంగా ఉన్నదని అడగవచ్చు. ‘కిడ్ ఏ’ను అలా అడగటం కుదరదు. అందులోని మొదటి పాటలో గొంతును కంప్యూటరు ముక్కలు చేసి కలిపింది. ‘ట్రీఫింగర్స్’ అనేది ఓబ్రయన్ గిటారు నాదాన్ని గుర్తుపట్టరానంతగా సాగదీసి కట్టినది. ‘ఇడియోటెక్’లో పాల్ లాన్‌స్కీ 1973లో కంప్యూటరు మీద కూర్చిన ఒక రచనలోని తునక ఉన్నది. 2001లో వచ్చిన ‘అమ్నీసియాక్’లో ‘లైక్ స్పిన్నింగ్ ప్లేట్స్’ మరీ ముందుకు పోయింది. వేరొక పాటను వెనుక నుండి ముందుకు నడిపి, ఆ తలక్రిందుల వరుసను యార్క్ నేర్చుకుని పాడి, ఆ పాడినదాన్ని మళ్లీ తిప్పారు. ఈ సంగీతం ఏ గదిలోనూ ఏ క్షణంలోనూ జరగలేదు. కోతలు, అతుకులు, చెడగొట్టటాలు దాని నిర్మాణంలోనే ఉన్నాయి. ధ్వనిని పాడుచేయటం కళాకారుని సాధనమైనచోట, పాడుకాని ధ్వని దానికదే విలువ కాజాలదు. కళాకారుడు తెలిసి తీసివేసినదానికీ, మధ్యలో మరొకరు తెలియనివ్వకుండా తీసివేసినదానికీ భేదం ఉన్నదని మాత్రమే మనం చెప్పగలం.

మరొక సంగతి. నష్టం లేని ప్రతి తనకు అందినదాన్ని కాపాడుతుంది తప్ప బాగుచేయదు. 1999లో రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బృందం వెలువరించిన ‘కాలిఫోర్నికేషన్’ను, తోటి ఆల్బములకన్నా గట్టిగా మ్రోగాలనే పోటీలో పడి, ధ్వని శిఖరాలు విరిగిపోయేటంతగా హెచ్చించారు. శ్రోతలు ఎంతోమంది ఆక్షేపించారు. దానిని ఫ్లాక్‌లో వింటే ఆ విరుపు ఒక్క బిట్టు తగ్గకుండా వినబడుతుంది. రేడియోహెడ్ సంగతి ఇంకా చిత్రం. ‘ఓకే కంప్యూటర్’ కాలంలో యార్క్ మినీడిస్కుల మీద దాచుకున్న చిత్తుప్రతులు, సుమారు 18 గంటల ధ్వని, 2019లో దొంగతనంగా బయటికి పొక్కాయి. బృందం ఆ జూన్ నెలలో తానే వాటిని 18 పౌన్ల వెలకు ప్రజల ముందు పెట్టి, వచ్చిన సొమ్మును ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ అనే పర్యావరణ ఉద్యమానికి ఇచ్చింది. కొన్నవారు ఫ్లాక్‌లోనూ తీసుకోవచ్చును. కాని మినీడిస్కు అనేదే ధ్వనిని కుదించి, కొంత వదిలివేసి వ్రాసే యంత్రం. నష్టపడ్డదానికి నష్టం లేని నకలు తీసినట్లయింది. ఐనా ఆ చిత్తుప్రతుల విలువ తగ్గలేదు. ఒక పాట ఎన్ని తప్పటడుగుల మీద నిలబడుతుందో వాటిలో వినబడుతుంది. సంపూర్ణత లేనిది కళ కాదనేవారు వాటిని ఏమంటారు?

ఈ రెండు వాదాలూ ఒక విషయంలో ఏకమవుతున్నాయి. రెండూ ఒక్క శ్రోతను, ఒక్క యంత్రాన్ని మాత్రమే చూస్తున్నాయి. మధ్యనున్న అంగడిని చూడటం లేదు. 2003లో వచ్చిన ‘హెయిల్ టు ది థీఫ్’తో రేడియోహెడ్‌కు ఇ.ఎం.ఐ.తో ఉన్న ఒప్పందం తీరిపోయింది. 2007 అక్టోబరు 10న ‘ఇన్ రెయిన్‌బోస్’ను తమ సొంత వెబ్‌సైటులో పెట్టి, ఎవరికి తోచినంత వెల వారు ఇవ్వవచ్చునన్నారు. ఏమీ ఇవ్వకపోయినా ఇచ్చారు. ప్రపంచమంతా దీనిని చర్చించింది. కాని ఇచ్చిన ప్రతి సెకనుకు 160 కిలోబిట్ల ఎం.పి.3. డిస్కులోని బిట్లలో తొమ్మిదోవంతు. పది పౌన్లు ఇచ్చినవాడికీ, పైసా ఇవ్వనివాడికీ అదే ప్రతి. పూర్తి ధ్వని కావాలంటే 40 పౌన్ల పెట్టె కొనాలి, లేదా డిసెంబరు చివర డిస్కు వచ్చేవరకు ఆగాలి. 2011 ఫిబ్రవరిలో ‘ది కింగ్ ఆఫ్ లింబ్స్’ వచ్చేసరికి పద్ధతి మారింది. ఎం.పి.3 ప్రతి 6 పౌన్లు, కుదించని ప్రతి 9 పౌన్లు. అంటే ‘వినబడదు’ అన్నదానికి 3 పౌన్ల వెల కట్టారు. బృందాన్ని నిందించటం నా ఉద్దేశం కాదు. 2007లో వారు చేసింది ఏ పెద్ద కంపెనీ చేయనిది. కాని అంగడి తర్కం మంచివారి చేతులలోనూ ఎలా పనిచేస్తుందో గమనించాలి. తీసివేసేటప్పుడు దానికి విలువ లేదన్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు దానికి వెల ఉన్నదన్నారు.

పెద్ద వ్యాపారులు దీనినే విస్తరించారు. 2014లో మొదలైన టైడల్ అనే సంస్థ లాస్‌లెస్ వినికిడికి నెలకు సుమారు 20 డాలర్లు వసూలు చేసింది. అది ఇతర సంస్థల మామూలు చందాకు రెట్టింపు. 2021లో ఆపిల్ సంస్థ అదే సరుకును అదనపు రుసుము లేకుండా ఇచ్చింది. నిల్వకూ ప్రసారానికీ ఖర్చు తగ్గిన మాట నిజమే. కాని రెట్టింపు వెల ఏడేళ్లలో సున్నాకు దిగటానికి ఖర్చుకన్నా పోటీ ఎక్కువ కారణమనటం సాహసం కాదు. పైగా సాధారణ బ్లూటూత్ హెడ్‌ఫోనులో వినేవాడికి ఆ ధ్వని దారిలో మళ్లీ కుదించబడే చేరుతుంది. తెర మీద లాస్‌లెస్ అనే మాట కనబడుతుంది, చెవికి అందేది వేరు. వాడు కొనుక్కున్నది ధ్వనిని కాదు, ఒక హోదాను. మా విద్యార్థి హెడ్‌ఫోను కష్టార్జితం, దానిని నేను గౌరవిస్తాను. కాని పక్క బెంచీ మీద కూర్చుని ఇయర్‌ఫోను తీగను చెరొక చెవికి పెట్టుకుని వినే ఇద్దరితో ‘మీరు విన్నది నీడ’ అనే హక్కును ఆ హెడ్‌ఫోను అతనికి ఇవ్వదు.

ఐతే సంపూర్ణత అనే మాటను వదులుకోవలసిందేనా? కాదు. దానిని సరైన చోట నిలబెట్టాలి. ఇక్కడ తెలుగు సాహిత్య విద్యార్థిగా నాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాను. ముద్దుపళని పద్ధెనిమిదవ శతాబ్దంలో ‘రాధికా సాంత్వనము’ వ్రాసింది. 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు, కవయిత్రి తనను గురించి చెప్పుకున్న అవతారిక కనబడకుండా పోయాయి. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, పోయినవాటిని తిరిగి చేర్చి, 1910లో కావ్యాన్ని ప్రకటించింది. ప్రభుత్వం దానిని నిషేధించింది. నిషేధం 1947లో గాని తొలగలేదు. పద్యాలను తొలగించటంలో ఉన్న దురభిప్రాయం ఎం.పి.3ను తయారుచేసిన ఇంజనీర్లలో లేదు. రెంటినీ ఒక్కగాటన కట్టటం అన్యాయం. నేను చూపదలచినది ఒక్కటే. 1887 నాటి పాఠకునికి తాను చదువుతున్నదానిలో లోటు కనబడి ఉండదు. లోటు కనబడనంత మాత్రాన అది లేకుండా పోలేదు. అటు తరువాత ఒక స్త్రీ వచ్చి ‘ఇది పూర్తి కాదు’ అని చెప్పగలిగిందంటే, పూర్తి ప్రతి ఎక్కడో ఒకచోట బ్రతికి ఉండబట్టి. తాళపత్రం మీది ఆ పద్యాలు వందమంది చదివినా, ఒక్కరూ చదవకపోయినా, రాబోయే పాఠకురాలి హక్కును అవి కాపాడుతూ వచ్చాయి.

సంపూర్ణత విలువ ఇక్కడ ఉన్నది. అది వినేవాని ఆనందాన్ని పెంచే సుగుణం కాదు, పెంచినా స్వల్పమే. అది అప్పీలుకు అవకాశం. ఒక తరం చేసిన తీసివేతను మరొక తరం ప్రశ్నించటానికి కావలసిన సాక్ష్యం. అంచేత ఆ బాధ్యత భద్రపరచేవానిది, వినేవానిది కాదు. కంపెనీ, గ్రంథాలయం, రేడియో సంస్థ, విశ్వవిద్యాలయం, వీటిలో ఏదైనా సరే, తన అధీనంలో ఉన్న ధ్వనిని నష్టం లేకుండా ఉంచటానికి బద్ధురాలు. వారు ఈ విధిని ఎలా నిర్వర్తిస్తున్నారో లోకం ఒకసారి చూచింది. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియో ఆవరణలో అగ్నిప్రమాదం జరిగింది. యూనివర్సల్ మ్యూజిక్ కంపెనీ మూల టేపులు ఎన్నో అందులో కాలిపోయాయన్న సంగతి 2019లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టినప్పుడుగాని లోకానికి సరిగా తెలియలేదు. పత్రిక చెప్పినంత పోలేదని కంపెనీ అన్నది. ఎంత పోయిందో మనం నిర్ణయించలేము. కాని ఏమి ఉన్నదో, ఏమి పోయిందో పదకొండేళ్లపాటు ప్రజలకు లెక్క చెప్పకుండా ఉండగలిగారంటే, ఆ సంగీతం ఎవరి సొత్తుగా లెక్కించబడుతున్నదో అర్థమవుతుంది. మూలాన్ని ఒక్కచోట ఒక్క యజమాని చేతిలో ఉంచి, మనకు కుదించిన ప్రతులు పంచిపెట్టినంతకాలం, శ్రోత ఎంత ఖరీదైన యంత్రం కొన్నా ఆ నష్టం నుండి తప్పించుకోలేడు.

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు జవాబు. పద్యంలో పాదం పోతే గణాలు కూలిపోతాయి, ఎవరికైనా తెలుస్తుంది. కుదింపులో పోయేది అటువంటిది కాదు. కాబట్టి పోలిక పూర్తిగా కుదరలేదు. కాని అతని ప్రశ్నలో నన్ను పట్టుకునే భాగం ఒకటున్నది. క్లాసులో నేను పద్యాన్ని రాగం లేకుండా చదవవచ్చు, గొంతు బొంగురుపోయి చదవవచ్చు, గంట కొట్టేస్తున్నారని రెండు పద్యాలు విడిచి ముందుకు పోవచ్చు. ఇవన్నీ నిత్యం జరిగేవే. గ్రంథాలయంలో పుస్తకం పూర్తిగా ఉన్నంతవరకు అందులో పెద్ద ద్రోహం లేదు. విద్యార్థి వెళ్లి నన్ను సరిచూసుకోవచ్చు. నేను ఆ పుస్తకంలోని పుటలు చించివేసి, ‘వీటిని ఎవరూ చదవరులే’ అంటే మాత్రం అది ద్రోహం. ఎవరూ చదవరన్న మాట నిజమైనా సరే.

మరి శ్రోతకు ఏ బాధ్యతా లేదా? ఉన్నది. అది బిట్లకు సంబంధించినది కాదు. ‘ఓకే కంప్యూటర్’ను పూర్తిగా వినటానికి 53 నిమిషాలు కావాలి. ఒక పాటలోని కోలాహలం ఆగి మరొక పాటలోని నిశ్శబ్దం మొదలయ్యే క్రమాన్ని ఆ బృందం ఆలోచించి పేర్చింది. మెసేజీలు చూసుకుంటూ, నచ్చిన పాట దగ్గర ఆగి, నచ్చనిదాన్ని దాటించి వినేవాడు ఫ్లాక్‌లో విన్నా తీసివేతే చేస్తున్నాడు. హాస్టలులో పెన్‌డ్రైవ్ ప్రతిని మొదటి నుండి చివరిదాకా నలుగురు కలిసి కూర్చుని వినటం, ఆ తరువాత అర్ధరాత్రి దాకా దాని గురించి వాదించుకోవటం నేను చూశాను. వారు విన్నదానిలో లోపించింది కొన్ని బిట్లు. శ్రద్ధ లోపించలేదు. వినికిడి యంత్రం మీద ఎంత ఆధారపడుతుందో, తీరిక మీద, తోటి మనుషుల మీద అంతకన్నా ఎక్కువ ఆధారపడుతుంది. రెండు ఉద్యోగాలు చేసి ఇంటికి చేరేవాడికి ఆ 53 నిమిషాలు ఎవరు ఇస్తారన్నది ధ్వని నాణ్యతను గురించిన చర్చలలో నాకు ఎక్కడా కనబడని ప్రశ్న.

కొందరు మిత్రులు, ఆకలిదప్పుల సమస్యలుండగా ఈ గొడవ మనకెందుకని అడుగుతారు. సంగీతంతోనే ఇది ఆగిపోతే నేనూ అడిగేవాణ్ణి. కాని సగటు మనిషిని ఒకణ్ణి ఊహించుకుని, వాడికి అవసరం లేనిదాన్ని వాడి తరపున నిర్ణయించి, తీసివేసి, తీసివేశామని చెప్పకుండా ఉండే పద్ధతి ఒక్క పాటలకే పరిమితమై లేదు. గ్రంథాలయం బీరువాలలో ఎవరూ అడగటం లేదని పుస్తకాలను తూకానికి వేసేటప్పుడు ఇదే తర్కం పనిచేస్తుంది. ఒక భాగవత కథను, ఒక పల్లెపదాన్ని రికార్డు చేసిన టేపు మీద మరొక కార్యక్రమాన్ని ఎక్కించేటప్పుడూ ఇదే తర్కం. ఆ నిర్ణయాలు తీసుకునేవారు దుర్మార్గులు కానక్కరలేదు. బీరువా చాలకపోవటం, డబ్బు చాలకపోవటం నిజమైన ఇబ్బందులే. ఆ ఇబ్బందులున్నప్పుడు ఏది పోవాలో నిర్ణయించేటప్పుడు నలుగురినీ అడగాలి, పోయినదాని జాబితా రాసిపెట్టాలి. ఫ్లాక్ యంత్రం చేసేది ఇంతే: తన అంచనా ఎక్కడ తప్పిందో దాచకుండా రాసిపెట్టటం.

కనుక నేను కోరేవి రెండే. కుదించిన పాట అందరికీ చవకగా అందనివ్వండి. దానిని విన్నవారిని చిన్నచూపు చూడవద్దు. సంపూర్ణమైన ప్రతిని మాత్రం అదనపు వెల మీద అమ్మే సరుకుగా కాక, ఎవరైనా వెళ్లి సరిచూసుకోగల ఉమ్మడి ఆస్తిగా, ప్రజా గ్రంథాలయాలలో ఒకటికి నాలుగుచోట్ల ఉంచాలి. మనలో చాలామంది దానిని ఎన్నడూ వినకపోవచ్చు. విన్నా తేడా తెలియకపోవచ్చు. ఐనా అది అక్కడ ఉండాలి. మనకు వినబడనిది రేపు వినబోయేవారికి అవసరమా కాదా అన్నది వారు తేల్చుకోవలసిన విషయం.